హేజల్ ఎడమకాలి అచ్చు

మా బాబిన్ వీధి కొండవాలు మీద ఉండేది. పై చివర చాపెల్ అనే ప్రార్థన మందిరం, కింది చివర నూలు మిల్లు, మధ్యలో నాలుగు కొట్లు. లంబ్ గారి మిఠాయి కొట్టులో నల్ల టాఫీని రేకు పళ్లెంలో ఆరబోసి, చిన్న సుత్తితో పగలగొట్టి, ముక్కలు కాగితంలో చుట్టి ఇచ్చేవారు. దాని పక్కన పైల కొట్టు, అంటే పిండి పొరలో మాంసం కూరి కాల్చేవి. శనివారం మధ్యాహ్నం అమ్మ ఇచ్చిన గిన్నె పట్టుకుని వెళితే, వేడి మాంసం పైల మీద గ్రేవీ పోసి, పైన గుడ్డ కప్పి ఇచ్చేవారు. గిన్నె ఇంటికి చేరేలోగా ఆ గుడ్డ కింద వేలు పెట్టి నాకని పిల్లలు మా వీధిలో లేరు. తర్వాత ఉన్ని దారాల కొట్టు. ఈ మూడింటికీ చేతిలో చిల్లర ఉంటేనే వెళ్లేవాళ్లం. నాలుగోది క్లాగుల ఏమస్ కొట్టు. అక్కడికి వెళ్లడానికి కాళ్లుంటే చాలు.

ఏమస్ హెలివెల్ అంటే మా హాథర్‌డెన్‌లో తెలియనివాళ్లు ఉండేవారు కాదు, ఎందుకంటే ఊరంతా ఆయన చేసిన క్లాగుల మీదే నడిచేది. కర్ర అడుగు, పైన దళసరి తోలు, కింద గుర్రపు లాడంలా ఇనప పట్టీ. పొద్దున్నే మిల్లుకు పోయేవాళ్ల క్లాగుల చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. పిల్లలమైతే వాలు మీద పరుగెత్తి, మడమ ఈడ్చి, రాళ్ల మీద నిప్పురవ్వలు రాల్చేవాళ్లం. పట్టీ ఊడిపోయేది. ఇంట్లో తిట్లు పడేవి. ఊడిన పట్టీ పట్టుకుని ఏమస్ కొట్టుకు వెళ్లి, గోడవారనున్న బల్ల మీద మేజోళ్లతో కూర్చునేవాళ్లం. మేజోడుకు చిరుగుంటే ఆ కాలును రెండో కాలి వెనక దాచుకునేవాళ్లం. పొయ్యి వెచ్చగా ఉండేది. తోలు వాసన, మైనం వాసన. కొత్త పట్టీ కొట్టేదాకా అక్కడే.

ఆయన నోట్లో ఎప్పుడూ మేకులుండేవి. అందుకే మాట్లాడరని మేం అనుకునేవాళ్లం. మేకులు లేనప్పుడు కూడా మాట్లాడరని కొంచెం పెద్దయ్యాక తెలిసింది. మాటల పనంతా ఆయన అక్క థిర్జా చూసుకునేది. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. కొట్టు మీది గదిలోనే పుట్టారు, అక్కడే ఉండేవారు. తండ్రి కూడా క్లాగులు చేసినవాడే, కాని కొడుకు చేతికి పనిముట్లు అందేలోపే పోయాడు. తండ్రి చేసిన క్లాగులను ఒక్కో మేకూ ఊడదీసి చూసి, మళ్లీ బిగించి, ఏమస్ పని నేర్చుకున్నారట. ఇది థిర్జా చెప్పిందే. ఆయన చెప్పలేదు.

నేను జీవితమంతా పాత కుర్చీలకు కొత్త గుడ్డలు వేసి బతికాను. నాకూ ఎవరూ నేర్పలేదు. ఊడదీస్తే తెలుస్తుందన్న ధైర్యం మాత్రం ఆ కొట్టు బల్ల మీదే వచ్చింది. పని ఎలా చేయాలో చెప్పినవాళ్లు ఆ తర్వాత చాలామంది తగిలారు. పక్కన కూర్చుని చూడనిచ్చిన మనిషి ఏమస్ బాబాయే.

కొట్టు గోడ నిండా కాలి అచ్చులు వేలాడేవి. కర్రతో చెక్కిన పాదాలు, జతలు జతలుగా. తోలును వాటి మీద లాగి బిగించి ఆకారం తెచ్చేవారు. ఎక్కువ భాగం మామూలు కొలతలవి, ఊరందరికీ సరిపడేవి. కాని కింది వరుసలో ఉన్నవి అలా కాదు. బొటనవేలి దగ్గర బొడిపె ఉన్న మనిషికి అచ్చు మీద అక్కడే తోలుముక్క కొట్టి ఉబ్బెత్తు చేసేవారు. మిల్లులో వేళ్లు పోగొట్టుకున్న మనిషి అచ్చు ముందువైపు మొండిగా ఉండేది. ఆ వరుసలో అన్నిటికంటే చిన్నది హేజల్ క్రాబ్‌ట్రీ ఎడమకాలిది.

హేజల్ నా ఈడుది, పక్కింటి పిల్ల. చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఎడమకాలు సన్నబడి, పాదం లోపలికి తిరిగింది. కాలు అలా ఉన్నందుకో ఏమో, నోరు మాత్రం రెండింతలు ఉండేది. ఏమస్ ఆమెకు క్లాగు చేయడం మొదలుపెట్టిన చలికాలం నాకు గుర్తుంది. చేసిన ప్రతిదీ ఎక్కడో ఒకచోట ఒరుసుకునేది. బొబ్బలు లేచేవి. హేజల్ బల్ల మీద పళ్లు బిగించి కూర్చునేది. ఇంటికి వెళ్లాక ఏడ్చేది. గోడ పలచన కాబట్టి మాకు వినబడేది. ఏమస్ అచ్చును కాస్త చెక్కేవారు, కాస్త తోలు అతికేవారు, మళ్లీ మొదలు. వసంతం వచ్చేసరికి ఒకరోజు ఆ పిల్ల వీధి చివరిదాకా నడిచి, వెనక్కి నడిచి వచ్చి, "బాబాయ్, ఎక్కడా నొప్పి లేదు" అంది. ఆయన తల ఊపి, ఆ అచ్చును కింది వరుసలో కొక్కేనికి తగిలించారు. అప్పటినుంచి ఆమె కాలు పెరిగినకొద్దీ దాని వేళ్ల దగ్గర ఒక్కో పొర తోలు చేర్చేవారు. ఆ అచ్చుకు కొలత కాగితం లేదు. ఆ చలికాలం మొత్తం ఆ కర్రలోనే ఉంది.

మాకు పదేళ్లున్న ఏడాది శరదృతువులో అచ్చులకు పుచ్చు పురుగు పట్టింది. కర్ర మీద సూదిమొనంత చిల్లులు, కింద సన్నని పొడి. ఏమస్ కింది వరుస మొత్తం దించి, కిరసనాయిలు పట్టించి, చెక్కపెట్టెలో సర్దారు.

థిర్జా ముక్కు మూసుకుంది. "ఒరేయ్ ఏమస్, ఆ కంపు నా ఆదివారం కోటుకు పట్టిందంటే చాపెల్లో నా పక్కన ఎవరు కూర్చుంటార్రా? పైగా పక్కనే పొయ్యి. మనల్ని నిద్రలోనే కాల్చేస్తావా ఏంటి? తీసుకెళ్లి పెరట్లో పెట్టు."

ఆయన పెరట్లో పెట్టారు.

ఆ పని మా ఊళ్లో పుట్టి పెరిగినవాడు చేయాల్సింది కాదు. అక్టోబరు సగమైతే చాలు, నవంబరు అయిదో తేదీ రాత్రి, వెనకటి కుట్రదారు గై బొమ్మను కాల్చే మంట కోసం పిల్లలు కట్టెల వేటకు బయలుదేరతారు. ఒక్కో వీధిది ఒక్కో మంట. విరిగిన కుర్చీ, పాత తలుపు, పండ్ల పెట్టె, ఏది దొరికితే అది. మనిషి వాడుతున్నది ముట్టుకోకూడదు, పారేసినది వదలకూడదు, అదీ నియమం. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో పిల్లలే తేల్చుకుంటారు. అందుకే ఆ రోజుల్లో పెద్దవాళ్లు పెరట్లోని నిచ్చెనను కూడా లోపలికి తెచ్చుకుంటారు. తెచ్చిన కట్టెల్ని దాచడం ఇంకో పెద్ద పని. పక్క వీధివాళ్లు వచ్చి ఎత్తుకుపోతారు. మనమూ వెళ్లి వాళ్లవి ఎత్తుకొస్తాం. ఎక్కడ దాచామో తల్లికి కూడా చెప్పం.

ఆ ఏడాది అయిదో తేదీ శనివారం వచ్చింది. హేజల్‌కు పాత క్లాగులు బిగుతైపోయాయి. కొత్తవి మొదలుపెట్టడానికి ఏమస్ ఆ మధ్యాహ్నం రమ్మన్నారు. నేనూ తోడు వెళ్లాను. హేజల్ బల్ల మీద కూర్చుంది. ఆయన అచ్చు తేవడానికి పెరట్లోకి వెళ్లారు. వెళ్లినవారు రాలేదు. మేం తొంగి చూశాం. రాతి పలకల మీద చదరంగా నూనె మరక ఉంది, పెట్టె లేదు. ఆయన ఆ మరకనే చూస్తూ నిలబడ్డారు.

థిర్జా వచ్చి చూసి చేతులు నెత్తిన పెట్టుకుంది. "అయ్యో ప్రభువా! కట్టెల పిల్లలు! కిరసనాయిల్లో తడిపి మరీ ఇచ్చావు కదరా, అగ్గిపుల్ల కూడా పక్కనే పెట్టకపోయావా?"

ఏమస్ తోలు ఏప్రన్ విప్పకుండానే వీధిలోకి నడిచారు. వెనక మేమిద్దరం.

మా వీధి కట్టెలకు పెద్ద కీత్. వాళ్ల ఇంటి వెనక బట్టలుతుక్కునే పాత గది తలుపుకు కాలు అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"ఏమో బాబాయ్, నాకేం తెలుసు?" అన్నాడు, ఎవరూ ఏమీ అడగకముందే.

ఏమస్ నోరు తెరిచేలోపు హేజల్ అందుకుంది. "నీకు తెలియకపోతే నీ స్వెట్టరుకు కిరసనాయిలు కంపెందుకురా? పెట్టె ఎక్కడ?"

"చెత్త అనుకున్నాం! పాత కాళ్లు... పుచ్చిపోయి..."

"పుచ్చిపోయింది నీ బుర్ర. అందులో నా కాలుంది. అది కాలిపోతే చలికాలమంతా నన్ను బడికి వీపు మీద మోసుకెళ్తావా?"

కీత్ ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, బరువు అంచనా వేసుకున్నట్టున్నాడు, తలుపు వదిలేశాడు. "మా దగ్గర లేదే. ఒట్టు. గురువారం సాయంత్రం స్టేషన్ వీధివాళ్లు మా మీద పడ్డారు. పెట్టె వాళ్లే పట్టుకుపోయారు. మా మంచి తలుపు కూడా." పెట్టె కంటే ఆ తలుపు గురించే వాడి ఏడుపంతా.

స్టేషన్ వీధి మంట బొగ్గు యార్డు పక్క ఖాళీ స్థలంలో. కట్టెల పోగు అప్పటికే ఇంటి కప్పంత లేచింది. అడుగున తలుపులు, మధ్యలో పెట్టెలు, పైన స్ప్రింగులు బయటపడ్డ సోఫా ఒకటి. చుట్టూ పిల్లలు కాపలా. చర్చి గడియారం ఆరు కొట్టగానే అంటిస్తారు. వాళ్ల నాయకుడు డెస్మండ్, పొడుగ్గా, బట్టలారేసే తీగకు ఎత్తుపెట్టే గడ ఈటెలా పట్టుకుని ఎదురొచ్చాడు.

"బాబిన్ వీధివాళ్లు! దోపిడీ! అందరూ రండ్రా!"

"దోపిడీ ఏంట్రా, మొహమా," అంది హేజల్. "పట్టపగలు, ఒంటికాలి పిల్లా ఓ ముసలాయనా వచ్చి దోచుకుంటారా?"

"పెద్దోళ్లను పంపడం మోసం."

"కిరసనాయిలు పెట్టె ఎక్కడుంది చెప్పు."

డెస్మండ్ గర్వం ఆపుకోలేకపోయాడు. "సరిగ్గా నడిమధ్యన. ఒక్క అగ్గిపుల్లతో అంటుకుంటుంది. ఊళ్లో మాదే మొదటి మంట."

ఏమస్ వాడి మాట వింటున్నట్టు లేదు. పోగు చుట్టూ నడుస్తున్నారు. ఒక తలుపును చేత్తో తోసి చూశారు. పైనున్న సోఫా కదిలింది. ఆయన బొగ్గు యార్డు కంచె వైపు చూసి, మళ్లీ పోగు వైపు చూసి, ఆ రోజుకి తన మొదటి మాట అన్నారు.

"ఇది కంచె మీదికి కూలుతుంది."

డెస్మండ్ కూడా తోసి చూశాడు. సోఫా మళ్లీ కదిలింది. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"విప్పండి," అన్నారు ఏమస్. "నేను మళ్లీ పేర్చి ఇస్తాను. నిలబడేలా."

ఎవరూ కదల్లేదు. వారాల తరబడి పోగేసింది అది. అప్పుడు డెస్మండ్ తన క్లాగుల వంక చూసుకున్నాడు. ముందువారమే కొత్త పట్టీలు వేయించుకున్నాడు. వాడి తమ్ముడి క్లాగులూ ఏమస్ చేసినవే. ఆ స్థలంలో నిలబడ్డ ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఆయన మోకాలి మీద కాలు పెట్టిన అలవాటుంది. డెస్మండ్ గడ కింద పడేశాడు.

"పనికి దిగండ్రా. సోఫా ముందు. జాగ్రత్త, స్ప్రింగు గుచ్చుకుంటుంది."

విప్పడం తేలిక. ఒక్కొక్కటే కిందికి దించి వరసగా చేతులు మారుస్తూ పక్కన పెట్టారు. కీత్ కూడా ఎప్పుడు వచ్చాడో వచ్చి, తమ తలుపును గుర్తుపట్టి, దాన్ని తనే మోస్తానని పేచీ పెట్టాడు. అడుగుకంటా వెళ్లాక పెట్టె బయటపడింది. మూత కూడా ఊడలేదు. మేమందరం కేక పెట్టాం.

ఏమస్ మోకాళ్ల మీద కూర్చుని, బురదలో ఏప్రన్ పరిచి, అచ్చుల్ని జత జతగా దాని మీద పేర్చారు. బొడిపె ఉన్నది. మొండి వేళ్లది. పేరుస్తూ పేరుస్తూ ఆయన చేయి నెమ్మదించింది. పెట్టె ఖాళీ అయింది. చివరికి రెండు అచ్చులు జత లేకుండా మిగిలాయి. ఒకటి మిల్లు కావలివాడి పెద్ద ఎడమపాదం. ఇంకోటి హేజల్ కుడిపాదం.

ఆమె ఎడమది లేదు.

ఆయన పెట్టె తిరగేశారు. కట్టెల మధ్య వెతికారు. పిల్లలంతా బురదలో చేతులు పెట్టి వెతికారు. అప్పటికే చీకటి పడుతోంది. ఎక్కడో దూరాన ఎవరో ఓపిక పట్టలేక టపాసు పేల్చారు. ఏమస్ లేచి, అరచేతులు ఏప్రన్‌కు తుడుచుకోబోయి, అది కింద పరిచి ఉందని గుర్తొచ్చి, చేతులు అలాగే పట్టుకుని నిలబడ్డారు.

"ఏం పర్లేదు తల్లీ," అన్నారు హేజల్‌తో. "మళ్లీ చేద్దాం."

ఆ పిల్ల నోటి నుంచి మాట రాకపోవడం నేను అదే మొదటిసారి చూడటం. మళ్లీ చేయడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. మా గోడ పలచన.

అప్పుడే స్టేషన్ వీధి మూలలోంచి కిర్రు కిర్రుమంటూ పాత పిల్లల బండి ఒకటి వచ్చింది. డెస్మండ్ తమ్ముడూ వాడి స్నేహితుడూ దాన్ని తోసుకొస్తున్నారు. పొద్దున్నుంచీ కొట్ల ముందు తిప్పి, గై పేరు చెప్పి పైసలు అడుక్కుని వస్తున్నారు. బండిలో గై, మంట మీద కూర్చోబెట్టే గడ్డి మనిషి. పాత కోటు, కాగితం మొహం, నెత్తిన కుండ టోపీ. కాళ్లు రెండూ బండి అంచు మీంచి బయటికి చాచి ఉన్నాయి, బూడిదరంగు మేజోళ్లతో. ఒక పాదం దొరలా నిటారుగా ఉంది. రెండోది చిన్నది, లోపలికి తిరిగి ఉంది.

"ఆపండ్రా!" హేజల్ అరిచిన అరుపుకు బండి నిజంగానే ఆగిపోయింది. "ఆ కాలు నాది!"

బురదలో తూలుతూ వెళ్లి, బండి అంచు పట్టుకుని, తన ఎడమ క్లాగు విప్పేసి, మేజోడు కాలును గై కాలి పక్కన పెట్టింది. రెండూ బూడిదరంగు మేజోళ్లే. రెండూ ఒకే వైపు, ఒకేలా, అంతే వంపుతో తిరిగి ఉన్నాయి. కవలల్లా ఉన్నాయి.

మొదట నవ్వింది హేజలే. ఆమె నవ్వాక ఇక మాకు అడ్డేముంది.

"గడ్డి కాళ్లు వేలాడిపోతున్నాయని ఇవి పెట్టాం," అన్నాడు డెస్మండ్ తమ్ముడు బిక్కమొహంతో. "పోగులో పెట్టకముందే పెట్టె తెరిస్తే, పెద్దదొకటీ చిన్నదొకటీ చేతికి దొరికాయి."

"మంచి కాలే ఎంచుకున్నావులే," అంది హేజల్. "దాన్ని చేయడానికి ఒక చలికాలం పట్టింది."

ఏమస్ మేజోళ్లు లాగి, కావలివాడి కుడిదాన్ని పెట్టెలో వేసి, హేజల్ అచ్చును చేతిలోకి తీసుకున్నారు. వేళ్ల దగ్గర తోలు పొరల మీద, మడమ మీద, లోపలి వంపు మీద బొటనవేలితో తడిమారు. ఎక్కడా దెబ్బ తగల్లేదు. జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నారు. ఆ చీదడం బొగ్గు యార్డు అవతలికి వినబడింది. ఆయన ఊరి బ్యాండులో పెద్ద బాకా ఊదేవారు, ఊపిరికి లోటు లేదు.

"మరి మా గైకి కాళ్లో?" అన్నాడు డెస్మండ్.

"మంటలో నడవక్కర్లేదులే," అంది హేజల్.

కాని ఏమస్‌కు అది నచ్చినట్టు లేదు. నన్ను కొట్టుకు పంపి, మూలనున్న తుక్కు బుట్టలోంచి ఇక బాగు చేయడానికి వీల్లేని పాత క్లాగుల జత తెప్పించారు. వాటిని గై కాళ్లకు తొడిగి, వార్లు బిగించారు. వదులుగా ఉంటే విప్పి మళ్లీ బిగించారు కూడా. తర్వాత కట్టెలు పేర్చడానికి కూర్చున్నారు. పొడుగువి నిలబెట్టి, తలలు ఒకదానికొకటి ఆనించి, మధ్యలో గాలికి దారి వదిలి. ఈ కట్టె ఇలా పెట్టాలి అని ఎవరికీ చెప్పలేదు. చేస్తుంటే చూసి, మిగతావాళ్లు అలాగే అందించారు. ఆరు కొట్టినప్పుడు ఇంకా సోఫా పైకెక్కలేదు. స్టేషన్ వీధి మంట ఆ ఏడాది ఊళ్లో అన్నిటికంటే చివర అంటుకుంది. కాని నిటారుగా, కంచె వైపు ఒక్క రవ్వ కూడా పోకుండా మండింది. కీత్ ఆ రాత్రి తన తలుపు వాళ్ల మంటలోనే కాలుతుంటే దగ్గర నిలబడి చూశాడు. గై క్లాగులతో సహా పోయాడు. పట్టీలు మర్నాడు బూడిదలో దొరికాయట.

మేం కొట్టుకు తిరిగొచ్చేసరికి థిర్జా అల్లం వేసిన పార్కిన్ కేకు కోసి పెట్టింది. తలుపు దగ్గరే ఆపేసింది. "ఆ బురద క్లాగులతో నా నేల తొక్కావంటే చూడు. విప్పు. అక్కడ కూర్చో."

అలా ఏమస్ హెలివెల్ గోడవార పిల్లల బల్ల మీద, మా ఇద్దరి మధ్య, మేజోళ్లతో కూర్చున్నారు. బొటనవేలి దగ్గర చిరుగుంది. ఆయన ఆ కాలును రెండో కాలి వెనక దాచుకోబోయారు.

"చూసేశాం బాబాయ్," అంది హేజల్, నోటి నిండా కేకుతో.

ఆయన కాలు మళ్లీ ముందుకు చాపి, పొయ్యి వైపు పెట్టి, వేళ్లు కదిలించుకుంటూ కూర్చున్నారు. ఒళ్లో ఆ అచ్చు. పెట్టె ఇక పెరట్లోకి వెళ్లలేదు. కంపు గురించి థిర్జా ఒక్క మాట కూడా అనలేదు. ఆదివారం చాపెల్లో ఆమె పక్కన ఎవరో కూర్చునే ఉంటారు.

హేజల్ కొత్త క్లాగులు నెల తిరక్కుండా తయారయ్యాయి. ఎక్కడా ఒరుసుకోలేదు. వాటితో ఆమె వాలు దిగుతూ కుడి మడమతో రవ్వలు రాల్చేది. ఎడమదాంతో రాల్చడం ఎలాగో కూడా తర్వాతి ఏడాదికి కనిపెట్టింది. పట్టీ ఊడగొట్టుకుని వచ్చినప్పుడల్లా ఏమస్ తల అడ్డంగా ఊపేవారు, కాని ఆ ఒక్క పట్టీ కొట్టేటప్పుడు ఆయన నోట్లో మేకుల చుట్టూ పెదాలు కాస్త సాగేవి.

ఆ తర్వాత మిల్లులో రబ్బరు అడుగుల బూట్లు వచ్చాయి. బల్ల మీద కూర్చునే పిల్లలు తగ్గారు. ఏమస్ చేతులు ఆడినంత కాలం చేసి, ఒక వసంతంలో నిద్రలోనే పోయారు. బ్యాండువాళ్లు వీధి పొడవునా వాయించుకుంటూ వెళ్లారు. వెనక నడిచినవాళ్లలో చాలామంది ఆ ఒక్కరోజుకు అటక మీద క్లాగులు దించి తొడుక్కొచ్చారు. ఆ చప్పుడుకు బ్యాండు సరిగ్గా వినబడలేదు. కొట్టులో ఇప్పుడు జుట్టు కత్తిరిస్తారు.

అచ్చుల్ని థిర్జా ఎవరి కాలివి వాళ్లకు ఇచ్చేసింది. హేజల్ తనదాన్ని వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడుతుంది. వేళ్ల దగ్గర తోలు పొరలు ఒకదాని మీద ఒకటి, చెట్టు కోస్తే కనబడే వలయాల్లా ఉంటాయి. వాన ముసురు పట్టిన రోజున నేను టీకి వెళితే, ఆ తలుపు దగ్గర ఇప్పటికీ కాస్త కిరసనాయిలు వాసన వస్తుంది. హేజల్ రాదంటుంది. ఆమె ముక్కు దానికి ఎప్పుడో అలవాటుపడిపోయి ఉంటుంది.